బెర్తోల్డ్ – ఆరు కోడిపుంజులు

విత్తులు కొట్టిన కోడె శాంతించి కాడికి లొంగుననియు, విత్తులు తీసిన పుంజు పోరునకు వెనుదీయుననియు కర్షకులు అనాదిగా ఎరిగినదే. పుంజుల సంగతిని క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దిలోనే అరిస్టాటిల్ గ్రంథస్థము చేసెను. కాని అట్లేల జరుగునని ప్రశ్నించి, ప్రయోగముచే సమాధానము రాబట్టినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు ఆర్నోల్డ్ అడాల్ఫ్ బెర్తోల్డ్.

ఆయన 1803లో వెస్ట్‌ఫేలియా సీమలోని సోస్ట్ పట్టణమున జన్మించెను. గట్టింగెన్ విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించి, 1823లో డాక్టరు పట్టము పొంది, పిమ్మట అచ్చటనే ఆచార్యుడాయెను. శరీరధర్మశాస్త్రముపై పాఠ్యగ్రంథము రచించెను. 1834లో రసాయనవేత్త బున్‌సెన్‌తో కలిసి, పాషాణమునకు విరుగుడైన యొక ఇనుప సమ్మేళనమును లోకమునకు తెలిపెను.

1848 ఆగస్టులో ఆయన ఆరు లేత పుంజులను ఎన్నుకొనెను. రెండింటికి వృషణములు రెండును తొలగించెను. మరి రెండింటికి ఒకదానిని తీసివేసి, రెండవదానిని స్వస్థానమునుండి వేరుచేసి లోపలనే విడిచెను. తక్కిన రెండింటికి రెండును తీసి, ఒక పుంజు వృషణమును వేరొక పుంజు కడుపులో ప్రేవుల నడుమ అమర్చెను.

మొదటి రెండును మెత్తబడెను. వాని తురాయి చిన్నదై పాలిపోయెను, కూత సన్నగిల్లెను, తోటి పుంజులతో పోరు అరుదాయెను. మిగిలిన నాలుగును మాత్రము ఎలుగెత్తి కూయుచు, పెట్టలను వెన్నంటుచు, కాలుదువ్వి కలహించుచుండెను. పిదప కోసి చూడగా, మార్చి అమర్చిన వృషణమునకు పూర్వపు నరముల సంబంధము లేదు. క్రొత్త రక్తనాళములు మాత్రము అల్లుకొని యుండెను. కావున ఆ అవయవము రక్తముపై పనిచేయుననియు, రక్తము ద్వారా ఆ ప్రభావము దేహమంతటికిని చేరుననియు ఆయన నిర్ణయించెను.

1849లో కొద్ది పుటలలో ప్రకటితమైన ఈ సిద్ధాంతమును లోకము గుర్తింపలేదు. గట్టింగెన్‌లోనే రుడాల్ఫ్ వాగ్నర్ ఆ ప్రయోగమును మరల చేయబూని విఫలుడాయెను. 1861లో బెర్తోల్డ్ మరణించునాటికి అది మరుగున పడియుండెను.

1905లో ఇంగ్లండున స్టార్లింగ్ ‘హార్మోను’ అను పదమును ప్రవేశపెట్టెను. రక్తములో పయనించి దూరపు అవయవములను ప్రేరేపించు పదార్థమని దాని భావము. 1935లో ఆమ్‌స్టర్‌డాము శాస్త్రజ్ఞులు ఎద్దుల వృషణములనుండి టెస్టోస్టిరానును వేరుచేసిరి. పుంజులకు పౌరుషము నిచ్చిన పదార్థమునకు అప్పటికి పేరు కలిగెను.

అయితే కలహమునకు హార్మోనొక్కటియే కారణమని తలచుట పొరపాటు. 1990లో వింగ్‌ఫీల్డ్ మున్నగువారు పక్షుల పరిశీలనలనుండి మరియొక విషయమును వెల్లడించిరి. స్థలముకొరకు, జోడుకొరకు ప్రత్యర్థి ఎదురైనప్పుడు మగపక్షి రక్తములో టెస్టోస్టిరాను హెచ్చును. పిల్లలను సాకు కాలమున పలు జాతులలో తగ్గును. అనగా హార్మోను కలహమును ప్రేరేపించినట్లే, కలహమును హార్మోనును పెంచును.

వేలయేండ్లుగా అందరును చూచుచుండిన దానికి కారణము వెదకుటయే బెర్తోల్డ్ చేసిన పని. ఆరు పుంజులతో ఆయన వేసిన పునాదిపైననే నేటి హార్మోను శాస్త్రము నిలిచియున్నది.