టీవీలోనే ముగిసిన ‘సైకో’ కథ.. ఎవరీ ఆంథోనీ పెర్కిన్స్?

హారర్ ఫ్యాన్స్‌కు నార్మన్ బేట్స్ గుర్తుండే ఉంటాడు. 1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’లో ఆ పాత్ర చేసింది ఆంథోనీ పెర్కిన్స్. 1932లో న్యూయార్క్‌లో పుట్టారు. ఐదేళ్లకే తండ్రి పోతే తల్లే పెంచింది. ‘సైకో’కు ముందే ఆస్కార్ నామినేషన్ వచ్చినా, ఆ తర్వాత జనానికి ఆయన నార్మనే! 1983, 1986లో సీక్వెల్స్ థియేటర్లకు వచ్చాయి. మూడో పార్ట్‌కు ఆయనే డైరెక్టర్.

1990లో ‘సైకో 4’ మాత్రం నేరుగా అమెరికా కేబుల్ టీవీకే వెళ్లింది. అందులో నార్మన్ భార్య గర్భవతి. తన పిచ్చి బిడ్డకూ వస్తుందేమోనని అతడి భయం. చివరికి ఆ పాత బంగ్లాకు తనే నిప్పు పెడతాడు.

రెండేళ్లకే, 1992 సెప్టెంబర్ 12న, ఎయిడ్స్ సంబంధిత సమస్యలతో పెర్కిన్స్ చనిపోయారు. వయసు 60. ‘సైకో 2’లో చిన్నప్పటి నార్మన్‌గా కనిపించిన ఆయన పెద్దకొడుకు ఆజ్ ఇప్పుడు హారర్ డైరెక్టర్. 2024లో వచ్చిన ‘లాంగ్‌లెగ్స్’ అతనిదే.