అగ్నిపర్వతానికి ఎదురెళ్ళిన ప్లినీ

ప్లినీ గొప్ప రోమన్ పండితుడు. క్రీ.శ. 23 ప్రాంతంలో ఇటలీలోని కోమో పట్టణంలో పుట్టాడు. ఆయనకి చదువంటే ప్రాణం. భోజనం చేసేటప్పుడు కూడా పక్కన ఒకరు పుస్తకం చదివి వినిపించాల్సిందే! అలా ఎన్నో గ్రంథాల నుంచి సంగతులు ఏరి, చెట్లు, జంతువులు, రాళ్ళు, నక్షత్రాలు అన్నింటి గురించీ 37 భాగాల పుస్తకం రాశాడు. దాని పేరు ప్రకృతి చరిత్ర.

క్రీ.శ. 79లో ఆయన మిసేనం రేవులో నౌకాదళ అధిపతి. అఖాతానికి అవతల వెసూవియస్ కొండ ఉంది. దాని వాలుల్లో అన్నీ ద్రాక్షతోటలే. అది పేలుతుందని అక్కడివాళ్ళు అనుకోలేదు. ఒక మధ్యాహ్నం ఆ కొండ మీద గొడుగులాంటి చెట్టు ఆకారంలో పెద్ద మబ్బు లేచింది.

కొండ ఎందుకు పేలింది? భూమి లోపల చాలా వేడి. అక్కడ కొన్నిచోట్ల రాయి కరుగుతుంది. దాన్ని మాగ్మా అంటారు. చుట్టూ ఉన్న రాయి కన్నా తేలిక కాబట్టి అది మెల్లగా పైకి వస్తుంది. అందులో నీటిఆవిరి, వాయువులు కలిసి ఉంటాయి. గోళీసోడా తెలుసు కదా! గోళీ నొక్కగానే బుస్సుమని నురగ పొంగుతుంది. సీసాలో అణిగి ఉన్న వాయువు బయటికి తన్నుకొస్తుందన్నమాట. మాగ్మా పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, ఇలాగే బుడగలు పుట్టి, కొండని చీల్చుకుని పేలుతుంది. పైకి ఎగిరే బూడిద మన పొయ్యిలో బూడిద కాదు, పొడైపోయిన రాయి.

ప్లినీకి ఈ కారణాలు తెలియవు. దగ్గరగా చూద్దామని చిన్న ఓడ సిద్ధం చేయించాడు. ఇంతలో కొండ కింద ఉన్న ఒకావిడ కాపాడమని కబురు పంపింది. వెంటనే పెద్ద ఓడలు తీయించాడు. అందరూ అక్కణ్ణుంచి పారిపోతుంటే ఆయన అటే వెళ్ళాడు. 17 ఏళ్ళ మేనల్లుడు మాత్రం చదువుకోవాలని ఇంట్లో ఉండిపోయాడు.

ఓడల మీద వేడి బూడిద, రాళ్ళు కురిశాయి. ఆ ఒడ్డుకి చేరలేక స్టాబియే ఊళ్ళో స్నేహితుడి దగ్గరికి వెళ్ళాడు. రాత్రికి ఇంటి వాకిలి రాళ్ళతో నిండిపోసాగింది. అందరూ తలలకి దిండ్లు కట్టుకుని సముద్రం ఒడ్డుకి నడిచారు. అలలు ఎగసిపడటంతో ఓడ ఎక్కలేకపోయారు. అక్కడే ప్లినీ ఊపిరాడక కన్నుమూశాడు. పాంపేయి, హెర్క్యులేనియం పట్టణాలు పూడిపోయాయి.

మేనల్లుడు తర్వాత ఇదంతా చరిత్రకారుడు టాసిటస్‌కి ఉత్తరాల్లో రాశాడు. అందుకే ఇలాంటి పెద్ద పేలుళ్ళని శాస్త్రజ్ఞులు ప్లినియన్ పేలుళ్ళు అంటారు. వెసూవియస్ చివరిసారి 1944లో పేలింది. మన దేశంలోనూ అండమాన్ దగ్గర బారెన్ ద్వీపంలో అగ్నిపర్వతం ఉంది.

ఇప్పుడు వెసూవియస్‌ని యంత్రాలతో రాత్రింబవళ్ళు కనిపెట్టి చూస్తున్నారు. మిత్రులారా! చూసింది రాసిపెడితే అది ముందు తరాలకి పనికొస్తుంది. ఆపదలో ఉన్నవాళ్ళ కోసం వెళ్ళిన ప్లినీ ధైర్యాన్నీ, కూర్చుని రాసిన మేనల్లుడి ఓపికనీ మనం గుర్తుంచుకోవాలి.