పురుషోత్తమ చౌధరిగారు – లాభమును నష్టముగా ఎంచుకొన్న కవి

ధ్యానమునకు: ఫిలిప్పీయులకు 3:4–8



మాఘ ఫాల్గుణ మాసములలో మన ఆర్మూరు పల్లెల కళ్లములన్నియు పసుపుతో నిండియుండును. త్రవ్వితెచ్చిన కొమ్ములను ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టిన తరువాతనే మార్కెటుకు తీసికొనిపోవుదుము. ఆ పనిలో మన తల్లులు పాడుకొను కీర్తనలు వారికి కంఠస్థములు. చదువురాని అవ్వకు సహితము పల్లవి తప్పదు, చరణము తప్పదు. అయితే వాటిని వ్రాసినవారిని గూర్చి మనలో ఎందరికి తెలియును? వారిలో మొదట చెప్పదగినవారు పురుషోత్తమ చౌధరిగారు.

వీరు 1803 సెప్టెంబరు 5న, ఆనాటి గంజాం జిల్లాలో, పర్లాకిమిడి దగ్గరి మదనాపురమున జన్మించిరి. తండ్రి కూర్మనాథ చౌధరి, తల్లి సుభద్రాదేవి. పూర్వులు వంగదేశమునుండి వచ్చిన బ్రాహ్మణులు. ఇంటిలో సంస్కృతము, ఓఢ్రము, తెలుగు నేర్చుకొనిరి. చిన్ననాటినుండి భక్తిగలవారు. పాపమునుండి విడుదల ఎట్లు కలుగునని వెదకుచుండగా, మిషనెరీలు పంచిపెట్టిన చిన్న పుస్తకము వీరి చేతికి వచ్చెను. దానివలన యేసుప్రభువును ఎరిగి, 1833లో కటకమునందు బాప్తిస్మము పొందిరి. అప్పటికి వీరి వయస్సు 30 సంవత్సరములు.

ఆ దినములలో అట్టి కుటుంబములో పుట్టినవాడు బాప్తిస్మము పొందుట చిన్న విషయము కాదు. కులము పోయినయెడల బంధువులు విడిచిపెట్టుదురు; ఊరిలో మన్నన పోవును; తన వారి పంక్తిలో కూర్చుండుటకు చోటుండదు. పౌలు అపొస్తలుడు తన వంశమును, శాస్త్రజ్ఞానమును క్రీస్తు నిమిత్తము నష్టముగా ఎంచుకొనెను గదా! చౌధరిగారును ఆ మార్గముననే నడిచిరి.

అయితే ఒక సంగతి గమనించుడి. వీరు కులగర్వమును విడిచిరి గాని, నేర్చిన విద్యను విడువలేదు. అదంతయు ప్రభువునకే సమర్పించిరి. తెల్లదొరల దేశపు పాటలను వారి రాగములలోనే తెలుగు చేసినప్పుడు అవి మన నాలుకకు తేలికగా లోబడలేదు. చౌధరిగారైతే మన దేశపు రాగతాళములలో, పల్లవి చరణములతో, నూటికి పైగా కీర్తనలు రచించిరి. ప్రభువు శ్రమలు, పాపి మొర, పరలోక నిరీక్షణ అన్నియు వాటిలో గలవు. శతకములు వ్రాసిరి. కులాచార పరీక్ష అను గ్రంథమును గూడ వ్రాసిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలైన తూర్పుతీర ప్రాంతములలో చాలకాలము సువార్త ప్రకటించి, 1890 ఆగస్టు 23న, 86 ఏండ్లు నిండినవారై ప్రభువునందు నిద్రించిరి.

వెస్లియన్ మిషనెరీలు సికిందరాబాదులో పని మొదలుపెట్టినది 1879లో. తరువాత సువార్త మెదకు, నిజామాబాదు పల్లెలకు వ్యాపించినప్పుడు దానిని ముందుగా అంగీకరించినవారిలో అనేకులు ఊరి వెలుపల ఉంచబడినవారు, వెట్టిచాకిరి చేసినవారు. వారికి బడి లేదు, గుడి లేదు, శాస్త్రము చెవిని పడుటకైనను హక్కు లేదు. అట్టివారి నోట బ్రాహ్మణ కుటుంబమున పుట్టిన కవి కీర్తనలు దేవుడు ఉంచెను. అక్షరము రాకున్నను వారు విని నేర్చుకొనిరి. తరువాత పిల్లలకు నేర్పిరి. మనకు వేదపాఠము మొదట వచ్చినది ఆ పాటలవలననే గదా.

ఇప్పుడు మనలను మనమే పరీక్షించుకొందము. ఆదివారము ఒకే కీర్తన పాడుదుము, ఒకే బల్లయొద్ద రొట్టె విరుతుము. బయటికి వచ్చి, పెండ్లి మాట రాగానే, కులము వెదకుచున్నాము. సంఘ పెద్దలను ఎన్నుకొనునప్పుడు మనవాడా కాదా అని చూచుచున్నాము. చౌధరిగారు పెంటగా ఎంచి పారవేసినదానిని మనము ఏరుకొని ఇంటికి తెచ్చుకొనుట న్యాయమా? క్రీస్తునందు అందరును ఏకముగా ఉన్నారని గలతీయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయము చెప్పుచున్నది.

వచ్చే ఆదివారము ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచినప్పుడు పాట చివర రచయిత పేరు చూడుడి. చౌధరిగారి పేరు కనబడినయెడల, ఆ పాట కొరకు ఒకడు ఏమి విడిచెనో జ్ఞాపకము చేసికొని, పిమ్మట పాడుడి.

ప్రార్థన: ప్రభువా, మా పెదవులమీద నీవు ఉంచిన పాటకు తగినట్లు మా ఇండ్లను, మా సంఘమును దిద్దుము. ఆమేన్.