బాలాచడి బాపు



పోలండ్ రాజధాని వార్సాలో ఒక చిన్న పార్కు ఉంది. దానికి మంచి మహారాజు అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ మహారాజు మన దేశం వాడే, గుజరాత్‌లోని జామ్‌నగర్‌ను ఏలినవాడు. రాజుల కథలు చదివి చదివి మనకు విసుగు పుట్టిన మాట నిజం. వాళ్ళ కోటల వెనుక ఎవరి చెమట ఉందో మన తాతలకు తెలుసు. అయినా అమ్మానాన్నలు లేని పిల్లలకు ఊరు కాని ఊళ్ళో ఒక హాస్టలు కట్టించిన మనిషి గురించి మన హాస్టలు పత్రికలో కాకపోతే ఇంకెక్కడ రాస్తాం?

ఆయన పేరు దిగ్విజయ్‌సింహ్‌జీ జడేజా. 1895 సెప్టెంబరు 18న పుట్టారు. రంజీ ట్రోఫీ ఎవరి పేరు మీద ఉందో ఆ రంజిత్‌సింహ్‌జీ ఈయన తండ్రికి సోదరుడు. దిగ్విజయ్‌సింహ్‌జీ రాజ్‌కోట్‌లోనూ, ఇంగ్లాండులోనూ చదువుకున్నారు. సైన్యంలో పనిచేశారు. 1933లో నవానగర్ సంస్థానానికి జాం సాహెబ్ అయ్యారు. యువకుడిగా జెనీవా వెళ్ళినప్పుడు పడెరెవ్‌స్కీ అనే గొప్ప పియానో విద్వాంసుణ్ణి చూశారు. ఆ విద్వాంసుడే ఒకప్పుడు పోలండ్ ప్రధానమంత్రి కూడా. పోలండ్ మీద ఆయనకు అభిమానం అక్కడే మొలిచిందంటారు.

1939 సెప్టెంబరులో పోలండ్‌ను పడమటి నుంచి జర్మనీ, తూర్పు నుంచి సోవియట్ యూనియన్ ఆక్రమించాయి. తూర్పు భాగంలోని లక్షలాది మందిని కుటుంబాలతో సహా రైలు పెట్టెల్లో కుక్కి సైబీరియాకు, కజకిస్తాన్‌కు తరలించారు. చలి, ఆకలి, టైఫస్ ఎందరినో మింగేశాయి. 1941లో జర్మనీ సోవియట్ మీదికి కూడా వచ్చింది. అప్పుడు కుదిరిన ఒప్పందంతో పోలండ్ వారిని విడిచిపెట్టారు. విడిచిపెడితే సరిపోదు కదా, ఎక్కడికి పోవాలి? తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల గతేమిటి?

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పిల్లల ఓడను ఏ దేశమూ రేవుకు రానివ్వలేదని, బొంబాయిలో కూడా కాదన్నారని, జాం సాహెబ్ ఒక్కరే దాన్ని తన రేవుకు రప్పించారని ఒక కథ ఫోన్లలో తిరుగుతోంది. వినడానికి బాగుంటుంది కానీ అది జరగలేదు. మొదట వచ్చిన పిల్లలు లారీల్లో వచ్చారు. అష్గాబాద్ నుంచి ఇరాన్‌లోని మష్హద్, జాహెదాన్ మీదుగా క్వెట్టా చేరారు. తర్వాత బొంబాయిలోని బాంద్రాలో కొంతకాలం ఉన్నారు. లండన్‌లో ఉన్న పోలండ్ ప్రవాస ప్రభుత్వం, ఢిల్లీలోని బ్రిటిష్ ప్రభుత్వం, బొంబాయిలోని పోలండ్ కాన్సులేటు కలిసి చేసిన ఏర్పాటు అది. అప్పుడు జాం సాహెబ్ బ్రిటిష్ యుద్ధ మంత్రాంగంలో సభ్యుడు, రాజుల మండలికి చాన్సలర్. పిల్లలను ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న వచ్చినప్పుడు తన నేల చూపించారు. ఖర్చు కోసం నిధి పెడితే మిగతా సంస్థానాల రాజుల చేత కూడా చందాలు ఇప్పించారు. ఓడ కథ కంటే ఈ చందాల కథే మాకు ఎక్కువ నచ్చింది. జాలిపడే వాళ్ళు చాలామంది ఉంటారు. బియ్యం, దుప్పట్లు, టీచర్ల జీతాలు లెక్కగట్టి తెచ్చేవాళ్ళు కొందరే.

జామ్‌నగర్‌కు సుమారు ఇరవై అయిదు కిలోమీటర్ల దూరాన, సముద్రం పక్కన, ఆయన వేసవి విడిదికి దగ్గర్లో బాలాచడి శిబిరం 1942లో మొదలైంది. పెంకుల కప్పుల బ్యారక్కులు, వంటశాల, బడి, ఆస్పత్రి, ప్రార్థనా మందిరం కట్టారు. ఆరువందల మందికి పైగా పిల్లలు అక్కడ పెరిగారు. శిబిరాన్ని నడిపింది ఫాదర్ ప్లుతా అనే పోలండ్ మతగురువు. జాం సాహెబ్ పిల్లల మతంలో, భాషలో వేలు పెట్టలేదు. బడిలో చదువు వాళ్ళ భాషలోనే సాగింది, పండుగలు వాళ్ళవే చేసుకున్నారు, నాటకాలు వేస్తే ఆయన వచ్చి కూర్చునేవారు. నవానగర్ ప్రజలు తనను బాపు అంటారు కనుక మీరూ అలాగే పిలవండని, ఇక మీరు అనాథలు కారని పిల్లలతో చెప్పారట.

పాలకూర సంగతి మనవాళ్ళందరికీ నచ్చుతుంది. రోజూ పాలకూరే పెడుతుంటే పిల్లలు తినమని మొండికేశారు. సంగతి బాపు చెవిన పడింది. ఇక అది వండవద్దని వంటవాళ్ళకు చెప్పించారు. అక్కడ పెరిగినవారు ముసలితనంలోనూ ఇది చెప్పుకుని నవ్వుకునేవారు. మెస్ మీద అర్జీ పెట్టి జవాబు కోసం ఎదురుచూసిన మాబోటివాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

అయితే మనసులో ఒక ముల్లు ఉంది, దాచుకోం. అదే 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చింది. పొట్టకూటికి రంగం వెళ్ళిన మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలు వేలాదిగా అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగివచ్చారు. ఎందరో దారిలోనే పోయారు. ఆ దారుల్లో తెల్లవారికి ఒక సదుపాయం, మనవారికి ఇంకొకటి. మరుసటి ఏడు బెంగాల్ కరువు. పోలండ్ పిల్లలకు అన్నం పెట్టడం తప్పని మేము అనడం లేదు. వాళ్ళను వెళ్ళగొట్టినంత మాత్రాన మనవాళ్ళ ఆకలి తీరేది కాదు. ఒక్క సంస్థానం బాలాచడిలో చేయగలిగిన పనిని అంత పెద్ద ప్రభుత్వం మనవారికి ఎందుకు చేయలేకపోయిందన్నదే మా ప్రశ్న.

1946లో శిబిరం మూసేసి, మిగిలిన పిల్లలను కొల్హాపూర్ దగ్గరి వలివడె శిబిరానికి పంపారు. అక్కడ అప్పటికే సుమారు అయిదువేల మంది పోలండ్ శరణార్థులు ఉన్నారు. తర్వాత కొందరు స్వదేశం వెళ్ళారు, చాలామంది బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాలలో స్థిరపడ్డారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక జాం సాహెబ్ తన సంస్థానాన్ని భారత్‌లో కలిపారు. 1948లో సౌరాష్ట్రకు రాజప్రముఖ్ అయ్యారు. కొరియా పునరావాసం కోసం ఐక్యరాజ్యసమితి వేసిన ఒక కమిటీకి అధ్యక్షత వహించారు. 1966 ఫిబ్రవరి 3న బొంబాయిలో కన్నుమూశారు.

2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చినప్పుడు అక్కడ వైద్యం చదువుతున్న మన విద్యార్థులు, తెలుగువాళ్ళతో సహా, పొరుగు దేశాల సరిహద్దులకు పరుగెత్తారు. పోలండ్ వీసా లేకుండానే వాళ్ళను లోపలికి రానిచ్చింది. ఆ రోజుల్లో జాం సాహెబ్ పేరు మళ్ళీ పత్రికల్లో కనబడింది.

బాలాచడిలో ఇప్పుడు సైనిక్ స్కూలు ఉంది, మన కోరుకొండలో ఉన్నట్టే. ఆ శిబిరంలో పెరిగినవారు పెద్దయ్యాక తిరిగివచ్చి అక్కడ ఒక స్మారకం నిలిపారు. ఊళ్ళు వదిలి వచ్చిన పిల్లలు ఈనాటికీ అక్కడ ఉండి చదువుకుంటున్నారు.