ఆచార్య హాల్డేన్: జీవితము – జీవశాస్త్రము

ప్రకృతి వరణ సిద్ధాంతానికి గణితశాస్త్ర పునాది వేసిన మహనీయులలో ఆచార్య జె.బి.ఎస్. హాల్డేన్ అగ్రగణ్యులు. ఆయన 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త. విశ్వవిద్యాలయంలో హాల్డేన్ గణితంతో పాటు ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యాలను, తత్త్వశాస్త్రాన్ని అభ్యసించారు. విజ్ఞానశాస్త్రంలో పట్టా లేకుండానే శాస్త్రజ్ఞులకు ఆచార్యులైనారు. మొదటి ప్రపంచయుద్ధంలో పాల్గొని గాయపడ్డారు.

1922లో ఆయన ఒక సూత్రాన్ని ప్రతిపాదించారు. రెండు జాతుల సంకరం వలన కలిగిన సంతానంలో ఒక లింగం వారే లోపించినా, అరుదైనా, గొడ్డువైనా, అది రెండు భిన్నమైన లింగ క్రోమోజోములు గల లింగమే అయి ఉంటుందని దాని సారాంశం. క్షీరదాలలోను, ఈగలలోను అది మగజాతి. పక్షులలోను, సీతాకోకచిలుకలలోను ఆడజాతి.

1932లో వెలువడిన గ్రంథంలో ఆయన మరొక గంభీర విషయాన్ని చర్చించారు. ఒక పువ్వు కీలాగ్రంపై అనేక పుప్పొడి రేణువులు పడతాయి. వాటిలో ఏ రేణువు నాళం వేగంగా పెరిగి అండాన్ని చేరునో దానిదే విజయం. అట్టి వేగాన్నిచ్చే జన్యువు మొక్కకు కొంత హాని చేసేదైనా జాతియందంతటా వ్యాపించగలదు. అనగా పోటీలో గెలుపు వేరు, జాతి శ్రేయస్సు వేరు.

జంతువులలోను ఇదే పోటీ కలదు. ఒక ఆడజీవి పలు మగజీవులతో కలిసినప్పుడు, సంయోగానంతరం కూడ వీర్యకణాల మధ్య పోరు సాగుతుందని 1970లో జెఫ్రీ పార్కర్ నిరూపించారు. కొన్ని తూనీగ జాతులలో మగది ప్రత్యర్థి వీర్యాన్ని ముందుగా తొలగించి తన వీర్యాన్ని ఉంచుతుంది. ఆడది గుడ్లు పెట్టువరకు దానిని విడువక కావలి కాస్తుంది. ఈ పోటీ మూలంగా మగజాతి జన్యువులు శీఘ్రంగా మారుతాయనీ, సంకర సంతానంలో మగవి గొడ్డువగుటకు ఇదొక కారణమనీ తరువాతి శాస్త్రజ్ఞులు భావించారు. పక్షుల విషయంలో ఈ వివరణ చాలదు. అచ్చట వేరు కారణాలు వెదకవలసి వచ్చింది.

సూయజ్‌పై బ్రిటన్ దాడిని నిరసించి హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చారు. 1961లో భారత పౌరసత్వం స్వీకరించారు. ఖరీదైన పరికరాలు లేకున్నను కళ్ళు, కాగితం, ఓపిక ఉంటే పరిశోధన సాధ్యమని శిష్యులకు బోధించారు. పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఆయన శిష్యులై, సీతాకోకచిలుకలు ఏ రంగు పూలపై వాలునో లెక్కించి పరిశోధన సాగించారు.

1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో హాల్డేన్ కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని వైద్యవిద్యార్థుల అధ్యయనం కొరకు కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ఆ విధంగా ఆ జ్ఞాని తుది పాఠం మన తెలుగుగడ్డపైనే జరిగింది.

విద్యార్థి సోదరులారా! చీడికాడ ప్రాంతపు చెరువుగట్టున జంటగా ఎగురు తూనీగలను ఒక ఉదయం గమనించండి. ఎన్ని జంటలు గుడ్లు పెట్టునంతవరకు కలిసి ఉన్నవో, ఎన్ని విడిపోయినవో లెక్కించి వ్రాసుకొనండి. హాల్డేన్ మహాశయునకు అంతకు మించిన నివాళి లేదు.