ఎగిరే బండిని ఊహించారు.. బడి బస్సుతో కుస్తీ పట్టారు!

ఎండతో వండే వంటగది. కరెంటుతో దున్నే పొలం. రోడ్డే అక్కర్లేకుండా గాల్లో వెళ్లే ఇద్దరి బండి. మబ్బుల ఎత్తు నుంచి నీళ్లు దింపుకునే పైపులు. రోజుకి రెండే గంటల డ్యూటీ.

ఇదేదో కొత్త స్టార్టప్ వాళ్ల ప్రెజెంటేషన్ అనుకున్నారా? కాదండీ. 1905లో మద్రాసు పత్రికలో వచ్చిన ఒక కథ. రాసినావిడకి అప్పటికి పాతికేళ్లు. ఇంజినీరింగ్ సంగతి అటుంచండి, ఆమె బడికి వెళ్లి చదివిందే లేదు. పేరు రొకేయా సఖావత్ హుస్సేన్. బంగ్లాదేశ్‌లో, పశ్చిమ బెంగాల్‌లో బేగం రొకేయా అంటే తెలియనివాళ్లు ఉండరు. మనవైపే కాస్త తక్కువగా వినిపించే పేరు.

గాడ్జెట్ల గురించి రాసుకునే నాకు ఆ కథ మొదటిసారి చదివినప్పుడు, ఆ కాలంలో ఇవన్నీ ఎలా తట్టాయబ్బా అనిపించింది. ఆమె జీవితం చదివాక ప్రశ్నే మారిపోయింది. అంత పెద్ద కల కన్న మనిషి మర్నాడు పొద్దున్నే ఏం చేశారు? అసలు కథ అక్కడుంది.

కొవ్వొత్తి వెలుగులో క్లాసులు

1880లో రంగపూర్ జిల్లా పైరాబంద్‌లో పుట్టారు రొకేయా. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. నాన్న జమీందారు. చాలా భాషలు వచ్చినవాడు. కొడుకుల్ని కలకత్తా పంపి ఇంగ్లిష్ చదువులు చెప్పించాడు. ఆడపిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క వేరు. ఇంట్లోనే అరబిక్ పారాయణం, కాస్త ఉర్దూ, పారశీకం.. అంతే. బెంగాలీ, ఇంగ్లిష్ వాళ్లకెందుకన్నది ఆ ఇంటి పద్ధతి. బయటి ఆడవాళ్లు వచ్చినా కనపడకుండా దాక్కోవాల్సినంత పరదా.

అక్క కరీమున్నీసా దొంగచాటుగా బెంగాలీ నేర్చుకుంది. అది పెద్దవాళ్ల కంటపడింది. చదువు ఆగిపోయింది, చిన్న వయసులోనే పెళ్లయింది. అయినా ఆ అక్కే చెల్లికి బెంగాలీ మీద ఇష్టం కలిగించింది. ఇంగ్లిష్ బాధ్యత అన్న ఇబ్రహీం తీసుకున్నాడు. ఇంట్లో అందరూ పడుకున్నాక కొవ్వొత్తి వెలిగించుకుని అన్నాచెల్లెళ్లు పుస్తకం తెరిచేవారు. ఆమె డిగ్రీ, పీజీ అన్నీ ఆ కొవ్వొత్తి వెలుగులోనే. పెద్దయ్యాక ఒక పుస్తకాన్ని అక్కకి, ఇంకోదాన్ని అన్నకి అంకితమిచ్చి ఆ రుణం తీర్చుకున్నారు.

భర్త ఊరెళ్తే పుట్టిన కథ

1898లో భాగల్పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేట్‌గా ఉన్న సయ్యద్ సఖావత్ హుస్సేన్‌తో పెళ్లయింది. ఆయనకిది రెండో పెళ్లి, వయసులో చాలా పెద్ద. ఇంగ్లండ్‌లో చదివొచ్చిన మనిషి. భార్య చదువుకోవాలి, రాయాలి అని గట్టిగా కోరుకున్నాడు.

ఒకసారి ఆయన క్యాంపు మీద వెళ్లారు. ఇంట్లో ఒంటరిగా పొద్దుపోక రొకేయా ఇంగ్లిష్‌లో ఒక కథ రాశారు. అదే సుల్తానాస్ డ్రీమ్. తిరిగొచ్చిన భర్త నిలబడే మొత్తం చదివేశాడట. మగవాళ్ల మీద గట్టిగానే పగ తీర్చుకున్నావని మెచ్చుకున్నాడట. అది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో అచ్చయింది. ఇక్కడో తెలుగు ముడి కూడా ఉంది. 1901లో ఆ పత్రికను మొదలుపెట్టి నడిపిన కమలా సత్యనాథన్ పుట్టింది ఓరుగంటి వారి తెలుగు కుటుంబంలోనే.

కథలో ఒకావిడ కునుకు తీస్తుంది. లేచేసరికి ఆడవాళ్లు ఏలే దేశంలో ఉంటుంది. అక్కడ మగవాళ్లు పరదాలో ఉంటారు. రెండు మహిళా విశ్వవిద్యాలయాలు పోటాపోటీగా పరిశోధనలు చేస్తాయి. ఒకటి మబ్బులకన్నా ఎత్తులో బెలూన్ నిలిపి, పైపులతో గాలిలోని నీళ్లు దింపుతుంది. రెండోది సూర్యుడి వేడిని పోగుచేసి, దాచి, కావాల్సినవాళ్లకి పంచుతుంది. ఇదంతా పగటికలలని ఆ దేశపు సైనికాధికారులు నవ్వుకుంటారు. శత్రువు దండెత్తి వస్తాడు. మగ సైన్యం ఓడిపోతుంది. అప్పుడు విద్యార్థినులు వెళ్లి, పోగుచేసిన ఆ ఎండనే శత్రువు వైపు తిప్పి తరిమేస్తారు. ఆ తర్వాత దేశం వాళ్ల చేతుల్లోకి వస్తుంది.

ఇంజినీర్ కళ్లతో చూస్తే ఇందులో లోపాలు పట్టడం తేలికే. ఆమె గాలిబండికి రెండు హైడ్రోజన్ బంతులు, కరెంటుతో తిరిగే రెక్కలు. హైడ్రోజన్ ఎంత ప్రమాదమో 1937లో హిండెన్‌బర్గ్ తగలబడ్డాక ప్రపంచానికి బాగా తెలిసొచ్చింది. కానీ టైమ్‌లైన్ చూడండి. రైట్ సోదరులు ఎగిరి అప్పటికి రెండేళ్లే. ఈజిప్టులో ఫ్రాంక్ షూమన్ అద్దాలతో ఎండను ఒడిసిపట్టి, ఆవిరి పుట్టించి, నైలు నీళ్లు తోడే ప్లాంటు పెట్టింది 1913లో. అంటే ఈ కథ వచ్చిన ఎనిమిదేళ్లకి. మన కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు రావడానికి వందేళ్లకు పైనే పట్టింది.

నన్ను పట్టేసింది మాత్రం వంటగది. ఆ కథలో వంటగదికి పొగ ఉండదు, బొగ్గు ఉండదు, మసి ఉండదు. మా నాయనమ్మ కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టంతో దగ్గుతూ కూర్చోవడం నాకింకా గుర్తు. సూర్యశక్తి అనగానే ఫ్యాక్టరీలు, రైళ్లు ఊహించడం ఎవరైనా చేస్తారు. పొయ్యి ముందు కళ్లు తుడుచుకునే మనిషి దగ్గర మొదలుపెట్టాలంటే ఆ పొగ తెలిసుండాలి.

ఐదుగురితో మొదలైన బడి

కల అక్కడితో అయిపోయింది. జీవితం వేరేలా నడిచింది. పుట్టిన ఇద్దరు పిల్లలూ పసితనంలోనే పోయారు. 1909లో భర్త కూడా పోయారు. ఆడపిల్లల బడి పెట్టమని ఆయన పదివేల రూపాయలు విడిగా ఉంచి వెళ్లారు. అప్పటికి రొకేయాకి ముప్ఫై కూడా నిండలేదు.

అదే ఏడాది అక్టోబరులో భాగల్పూర్‌లో ఐదుగురు పిల్లలతో బడి మొదలైంది. కొన్నాళ్లకే కుటుంబంలో ఆస్తి తగాదాలు. ఊరు వదిలి కలకత్తా రావాల్సి వచ్చింది. 1911 మార్చిలో వలీవుల్లా లేన్‌లో ఎనిమిది మందితో సఖావత్ మెమోరియల్ గర్ల్స్ స్కూల్ మళ్లీ సున్నా నుంచి మొదలైంది. బడి ఎలా నడపాలో ఆమెకి తెలియదు. ఎప్పుడూ బడిలో కూర్చోలేదు కదా! కలకత్తాలో వేరే బడులకి వెళ్లి, క్లాసు ఎలా తీసుకుంటారో చూసి నేర్చుకున్నారు. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పంపమని అడిగారు. పరదా తప్పకుండా చూసుకుంటానని మాటిచ్చారు. పరదా పేరుతో జరిగే అన్యాయాల మీద నిప్పులాంటి వ్యాసాలు రాసిన మనిషి, తను మాత్రం బురఖాలోనే బయటికెళ్లేవారు. అది తీసేస్తే పిల్లలు రావడం ఆగిపోతారని తెలుసు.

చక్రాల మీద చీకటి గది

ఇక బస్సు సంగతి. పిల్లల్ని ఇంటి నుంచి తీసుకురావడానికి బడికి ఒక మోటారు బస్సు వచ్చింది. బయటివాళ్లకి ఏమీ కనపడకూడదు కాబట్టి నాలుగువైపులా మూసేశారు. గాలికి ముందూ వెనకా చిన్న జాలీలు, అంతే. మొదటిరోజే లోపల ఉక్కపోతకి, చీకటికి పిల్లలు బెంబేలెత్తారు. కొందరికి వాంతులు, కొందరు స్పృహ తప్పారు. ఇలాగైతే పంపలేమని తల్లులు అన్నారు.

సరే, పక్కల తలుపులు తెరిపించి గుడ్డ పరదాలు కట్టించారు. గాలి ఆడింది. అదే గాలికి పరదాలు కూడా ఊగాయి. అంతే! పరదా గాలికి లేస్తోంది, ఇదేం మర్యాద అంటూ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. సరిచేయకపోతే పత్రికలకెక్కుతామని బెదిరింపులు. మూసేస్తే పిల్లలు పడిపోతున్నారు. తెరిస్తే ఊరు ఊరుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. 1931లో అచ్చయిన అబరోధ్ బాసినిలో ఈ గోడంతా ఆమే చెప్పుకున్నారు. పరదా వల్ల ఆడవాళ్లు పడ్డ నిజమైన పాట్లు 47 ఉన్నాయి ఆ పుస్తకంలో. ఈ బస్సుది చివరిది.

రోడ్డే లేకుండా గాల్లో వెళ్లే బండిని ఊహించిన మనిషికి, బస్సులోకి పిడికెడు గాలి తేవడం పెద్ద ప్రాజెక్టయింది. నాకైతే ఆమె చేసిన అసలైన ఇంజినీరింగ్ ఇదే. ఒకటి పెట్టి చూడటం, పనిచేయకపోతే మార్చడం, తిట్లు పడటం, మళ్లీ మార్చడం. ఆ బస్సు ఆగితే ఆ పిల్లలకి చదువే ఆగుతుంది. వాళ్లకి ఇంటికి, బడికి మధ్య ఇంకో దారి లేదు.

బస్సు ఆగలేదు. బడి పెరిగింది. హైస్కూలయింది.

యాభై మైళ్లు

1930లో రొకేయాకి విమానం ఎక్కే అవకాశం వచ్చింది. నడిపింది ఒక బెంగాలీ ముస్లిం కుర్రాడు. చిన్న విమానంలో కలకత్తా మీద యాభై మైళ్లు తిరిగొచ్చి, ఆ అనుభవాన్ని వ్యాసంగా రాశారు. మన దేశంలో విమానమే లేని రోజుల్లో రాసుకున్న కథని అందులో గుర్తుచేసుకున్నారు. పాతికేళ్ల కిందటి ఊహ ఆమె కాళ్ల కింద నిజమైంది. హైడ్రోజన్ బంతుల్లేవు, డిజైన్ వేరు. ఎగరడం మాత్రం నిజం.

1932 డిసెంబరు 9న తెల్లవారుజామున ఆమె చనిపోయారు. ముందురోజు రాత్రి దాకా రాస్తూనే ఉన్నారు. బల్ల మీద సగంలో ఆగిన వ్యాసం మిగిలింది. స్త్రీల హక్కుల గురించి.

కథలో ఊహించినవి చాలావరకు వచ్చేశాయి. రోజుకి రెండు గంటల డ్యూటీ ఒక్కటే ఇంకా రాలేదు, ఎదురుచూద్దాం! ఆమె పెట్టిన బడి ఇప్పటికీ కోల్‌కతా లార్డ్ సిన్హా రోడ్డులో ప్రభుత్వ పాఠశాలగా నడుస్తోంది.

మీ నోట్‌బుక్‌లోనూ భవిష్యత్తు గురించి ఏవో ఐడియాలు రాసుకునే ఉంటారు. ఈసారి వస్తువు పేరుకన్నా ముందు, అది ఎవరికోసమో ఆ మనిషి పేరు రాయండి. అమ్మ కావచ్చు, ఆటో నడిపే బాబాయ్ కావచ్చు. ఆ కిందే ఇంకో లైను. అది వచ్చేలోపు ఆ మనిషి కోసం రేపు పొద్దున ఏ పరదా మార్చగలరు?