మూయబడిన తలుపు - బెస్సీ కోల్మన్ చరిత్ర

పక్షవాయువుగల వానిని మోసికొని వచ్చిన నలుగురు, తలుపునొద్ద త్రోవ లేకపోగా ఇంటి కప్పు విప్పిరని మార్కు సువార్త 2వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ సంగతిని జ్ఞాపకము చేయు ఒక సహోదరి చరిత్రను ఈ మాసము వ్రాయుచున్నాము.

బెస్సీ కోల్మన్ 1892లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున పేద నల్లజాతి కుటుంబమందు పుట్టెను. పత్తి ఏరు దినములలో ఆమెకు బడి లేదు. పెద్దదై చికాగోలోని క్షౌరశాలలో గోళ్లు దిద్దుచు, విమానము నడుపవలెనని కోరెను. స్త్రీయనియు, నల్లజాతిదనియు స్వదేశపు పాఠశాలలు ఆమెను చేర్చుకొనలేదు. ఆమె ఫ్రెంచి భాష నేర్చుకొని, 1920లో ఓడనెక్కి ఫ్రాన్సు వెళ్లి, 1921 జూన్ 15న పైలటు లైసెన్సు పొందెను.

లైసెన్సు వచ్చినను జీవనము గడచుట సులభము కాలేదు. చిన్న విమానములతో ప్రదర్శనలిచ్చియే పైలటులనేకులు బ్రదుకు కాలమది. ఆమె 1922లో మరల ఐరోపాకు వెళ్లి ఆ విద్యయు నేర్చెను. 1923లో విమానము కూలి కాలు విరిగినను మానలేదు. తాను పెరిగిన వాక్సహాచీ ఊరిలో, తెల్లవారును నల్లవారును ఒకే ద్వారమున వచ్చిననే గాని విమానమెక్కనని పట్టుపట్టి సాధించెను.

తనవారికి విమాన పాఠశాల పెట్టవలెనని ఆశించెను గాని, 1926 ఏప్రిల్ 30న విమానమునుండి పడి మరణించెను. 1929లో లాస్ ఏంజెలెస్ నగరమున ఆమె పేరిట విమాన సంఘము వెలసెను.

ప్రియులారా, ఆ నలుగురు కప్పు విప్పినది తమకొరకు కాదు. మన పిల్లలలో ఒకరికి చదువో ఉద్యోగమో దొరికినప్పుడు, వెనుక వచ్చువారికి ఆ త్రోవ చూపుచున్నామా? ప్రార్థనాపూర్వకముగా ఆలోచించుకొందము.